తోటకూర నీళ్ళ చారు

మా అక్క కూతురు టెక్కలిలో ఉంటుంది. రోజూ పొద్దున్నే దాని ఫోన్ నుంచి నాకొక వీడియో వస్తుంది. ఎవరో ఒకావిడ, కట్టిన చీర నలగకుండా, మిద్దె మీద కుండీల్లోంచి నాలుగు వంకాయలు కోసి బుట్టలో వేసుకుని, మన చేత్తో పండించి మన చేత్తో వండుకుంటే మనసుకి ఎంత హాయో చెప్తూ ఉంటుంది. వెనక వేణువు మోగుతుంది. కింద మా పిల్ల దండం బొమ్మ పెట్టి, "పిన్నీ, నువ్వెంత అదృష్టవంతురాలివో" అని రాస్తుంది. నేనూ ఒక దండం బొమ్మ పెట్టేసి, కత్తిపీట ముందేసుకుని కూర్చుంటాను. కోపం వచ్చినప్పుడు నేను కూర సన్నగా తరుగుతాను. ఈ మధ్య మా ఇంట్లో కూర మరీ సన్నగా ఉంటోంది.

దాని తప్పేం లేదు. ఒకప్పుడు ఆ హాయి నాకూ ఉండేది. అదెలా పోయిందో దానికి చెప్పలేదు, అంతే. ఎవరికీ చెప్పలేదు.

మా ఊరు కవిటి దాటాక సముద్రం వైపు. ఇంటి చుట్టూ కొబ్బరి, దాని వెనక జీడి. దొడ్లోకి ఎండ పడేది కాదు. ఒక తుఫాను వచ్చి ఒక్క పూటలో ఏడు కొబ్బరి చెట్లని కూల్చేసి పోయింది. మా బావ ఆ మొద్దుల మీద కూర్చుని ఏడ్చాడు. బావ అంటే నా మొగుడే. మేనత్త కొడుకుని చేసుకున్నాను, పెళ్ళై ఇన్నేళ్ళైనా పిలుపు మారలేదు. ఆయన పడిపోయిన చెట్లని చూసి ఏడుస్తుంటే, నేను మాత్రం నేల మీద పడుతున్న ఎండని చూశాను. అప్పటికింకా ఎలిమెంటరీ బళ్ళో పాఠాలు చెప్తున్నాను. సాయంత్రం బడి నుంచి రాగానే చెంగు దోపి, ఆ వేళ్ళన్నీ తవ్వించి మళ్ళు కట్టాను. తోటకూర, బచ్చలి, వంగ, టమాటా, గట్టు మీద చేమ, మూలన రెండు అరటి పిలకలు, గోడవార ములగ కొమ్మ. ఇసక నేల, నూతి నీళ్ళు, ఆవు పేడ. రెండు నెలలు తిరిగేసరికి బజారుకెళ్ళి కూర కొనే పని తప్పింది.

గర్వంగా ఉండేది. అబద్ధమెందుకు, చాలా గర్వంగా ఉండేది. మా బావ తోటలోంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చుని, "ఏటి వండినావు ఈయేల?" అని అడిగితే, "దొడ్డంతా వండీసినాను" అనేదాన్ని.

ఆ వంటింట్లో నాకు గురువు మా అత్త. మేనత్తా ఆవిడే, అత్తగారూ ఆవిడే కాబట్టి తిట్టినా ఎక్కడికీ పోయి చెప్పుకునే దారి లేదు. ఆవిడ వంటింట్లో ఒకటే చట్టం. వండిన నీళ్ళు పారబోయకూడదు. గంజి వారిస్తే అది పులియబెట్టే తరవాణి కుండలోకి. పప్పు ఉడికిన తేట చారుకి. ఆకుకూర ఉడికిన నీళ్ళు పులుసుకి. కొత్తగా వచ్చిన రోజుల్లో ఒకసారి తోటకూర వార్చి ఆ నీళ్ళు తూములో పోసేశాను. ఆవిడ రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, "సారవంతా తూముకి పోసీసి, పిప్పి నా కొడుక్కి పెడతావేటే?" అంది. ఆ మాట తలలోంచి పోయినా చేతుల్లో ఉండిపోయింది. బళ్ళోనూ అదే పాఠం చెప్పాను. కూరగాయలు ఉడికించిన నీటిని పారబోయరాదు, పోషకాలన్నీ ఆ నీటిలోకే దిగుతాయి అని నల్లబల్ల మీద రాసి, పిల్లల చేత గొంతెత్తి చదివించేదాన్ని. ఎన్నేళ్ళు చదివించానో.

అత్త కాళ్ళు వాచి, ముఖం ఉబ్బి, ఆయాసంతో పోయింది. పెద్దవయసు అనుకున్నాం. అనుకోవడం సులువు గనక అనుకున్నాం. మా ఉద్దానం ఊళ్ళలో కిడ్నీ జబ్బు లేని గడప తక్కువ. ఇద్దరు ఎదురైతే పంటల కంటే ముందు క్రియాటినిన్ ఎంతుందని అడుగుతారు. పరీక్ష పాస్ మార్కులు అడిగినట్టు అడుగుతారు. నేను రిటైరైన ఏడాదే మా బావకి రక్తం తీశారు. కాగితం తెచ్చి నా చేతికిచ్చి, "పంతులమ్మా, సదువు" అన్నాడు. చదివాను. నా గొంతు వినగానే ఆయనకి అర్థమైపోయింది. మరికొంత కాలానికి సూదులు గుచ్చడానికి వీలుగా ఎడమ చేతికి ఫిస్టులా పెట్టారు, వారానికి మూడుసార్లు పలాసలో డయాలిసిస్ అన్నారు.

అక్కడ తిండి సంగతి చెప్పే అమ్మాయి ఒకతె ఉంది. మెత్తగా మాట్లాడుతుంది. మొదటి రోజు నన్ను కూర్చోబెట్టి, రోగి తినకూడనివి హాజరు పట్టీ పిలిచినట్టు పిలిచింది. కొబ్బరి నీళ్ళు. అరటిపండు. టమాటా. ములక్కాడ. చేమదుంప. పనస. జీడిపప్పు. ఆకుకూరలు. ఒక్కొక్క పేరు పిలుస్తుంటే నా దొడ్లోంచి అన్నీ లేచి నుంచున్నట్టే అనిపించింది. తప్పనిసరైతే కొన్ని కూరలు తినొచ్చట. సన్నగా తరిగి, వేడినీళ్ళలో నానబెట్టి, మళ్ళీ బోలెడు నీళ్ళు పోసి ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, మిగిలింది వండాలట. ఉప్పు చిటికెడు. తాగే నీళ్ళు రోజుకి ఒక చిన్న సీసా. "నీళ్ళు మాత్రం తప్పకుండా పారబొయ్యండమ్మా" అంది. సరే అన్నాను. బయటికొస్తే పలాస వీధుల్లో జీడిగింజలు కాలుస్తున్న వాసన. తోటలో పుట్టి పెరిగిన మనిషి ముక్కు మూసుకుని ఆటో ఎక్కాడు.

మా వైపు ఎవరింటికి వెళ్ళినా ముందు బొండాం కొట్టి చేతికిస్తారు. మంచినీళ్ళ ముందే అది. మా ఇంటికి నీళ్ళు పరీక్ష చేసేవాళ్ళు వచ్చినప్పుడూ మా బావ కూర్చున్న చోటు నుంచే పక్కింటాయన చేత బొండాలు కొట్టించి ఇప్పించాడు. వాళ్ళు తాగారు. నూతి నీళ్ళు సీసాల్లో పట్టుకున్నారు, మట్టి సంచీలో వేసుకున్నారు, నా వంకాయలు కూడా రెండు కోసుకున్నారు. ఈ జబ్బుకి కారణం కొందరు నీళ్ళు అన్నారు, కొందరు తోటలకి కొట్టే మందులు అన్నారు, కొందరు ఎండలో పని అన్నారు. నేను ఒకటే అడిగాను. ఈ నూతి నీళ్ళతో పెంచిన కూరే కదా ఇన్నేళ్ళూ మా ఇంటిల్లిపాదికీ పెట్టాను, అందులో ఏమైనా ఉందా అని. "రిపోర్టు వచ్చాక చెప్తామమ్మా" అన్నారు. బొండాం డొక్కలు అరుగు కింద పెట్టి వెళ్ళిపోయారు. ఇప్పటికీ చెప్తూనే ఉన్నారు.

ఇక వంట. రెండుసార్లు ఉడికించి పిండిన కూర ఎలా ఉంటుందో తిన్నవాళ్ళకి తెలియాలి. రంగుండదు, వాసనుండదు. మా బావ ముద్ద కలిపి అలా చూస్తూ కూర్చునేవాడు. ఒక రోజు కంచం జరిపేసి, "తడిసిన పేపరు నములుతన్నట్టున్నాదే" అన్నాడు. తర్వాత తనే దగ్గరికి లాక్కుని తిన్నాడు. నేను వంటింట్లోకి పోయి గోడకి తల ఆన్చుకుని నిలబడ్డాను. నలభై ఏళ్ళు వండాను. ఆ చేత్తోనే ఇప్పుడు కట్టుకున్న మనిషికి తడి పేపరు పెడుతున్నాను.

కూర ఉడికించిన నీళ్ళు ఆ పక్కనే గిన్నెలో ఉన్నాయి. పచ్చగా, పల్చగా, ఆవిరి పోతూ. పారబోయమన్నారు కాబట్టి రోజూ చల్లారాక తీసుకెళ్ళి మొక్కల్లో పోస్తున్నాను. తూములో పోయడానికి అప్పటికీ చెయ్యి రాలేదు. ఆ రోజు తోటకూర నీళ్ళు. మా అత్త మాట వినిపించినట్టే అయింది. సారమంతా ఇక్కడుంది, పిప్పి ఆయనకి పెట్టాను.

ఆసుపత్రి కాగితం తీసి మళ్ళీ చదివాను. కూర గురించి ఉంది. చారు అన్న మాట ఎక్కడా లేదు. ఒక పంతులమ్మ తనని తాను ఎలా మోసం చేసుకుంటుందో చూడండి. పోషకాలన్నీ నీళ్ళలోకి దిగుతాయని పిల్లలకి నేర్పిందీ నేనే. ఆయనకి పనికిరానిది కూడా ఆ దారినే దిగుతుందని, అందుకే పారబోయమన్నారని నాకు తట్టలేదు. ఆ రెండూ ఒకటే పాఠమని నా బుర్రకెక్కలేదు. నీళ్ళు ఎక్కువ తాగకూడదు, అంతే కదా అనుకున్నాను. సీసాలోంచి రెండు గరిటెల నీళ్ళు తీసేసి, ఆ కొలతకే చారు పెట్టాను. కాస్తంత చింతపండు, రెండు మిరియాలు, దంచిన వెల్లుల్లి, ఆవాలు, దొడ్లో కరివేపాకు.

మా బావ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. "అమ్మ చారు" అన్నాడు. అంతే. రెండు గరిటెలూ అన్నంలో పోసుకుని, కంచం వేళ్ళతో తుడుచుకుని తిన్నాడు. నేను ఎదురుగా కూర్చుని చూశాను. ఆ పూట దేవుడి గూట్లో దీపం పెట్టి, ఈ మాత్రం సుఖం మిగిల్చావు, చాలు అని దండం పెట్టుకున్నాను. కృతజ్ఞత అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. దేనికి చెప్పానో గుర్తొస్తేనే ఒళ్ళు మండుతుంది.

అలా నెలన్నర. ఆనపకాయ నీళ్ళు, వంకాయ నీళ్ళు, తోటకూర నీళ్ళు. రోజూ రెండు గరిటెలు. రోజూ నాకు వంట చెయ్యాలని ఉండేది.

ఒక రోజు పొద్దున్న ఆయన మంచం మీద నుంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. "కాల్లు నావి కానట్టున్నాయే" అన్నాడు. చెయ్యి పట్టుకుంటే నాడి ఎక్కడో ఆగి ఆగి కొట్టుకుంటోంది. పక్కింటాయన ఆటో తెచ్చాడు. పలాస దాకా ఆయన తల నా ఒళ్ళో ఉంది. రోడ్డు గతుకులకి కాదు, ఆయన పలక్కపోవడానికి భయపడ్డాను. వెళ్ళగానే గుండెకి తీగలు తగిలించి, కాగితం చూసి, అందరూ పరుగులు పెట్టారు. పొటాషియం బాగా పెరిగిపోయిందన్నారు. ఇంకాస్త ఆలస్యమైతే గుండె ఆగిపోయేదన్నారు. సూదులు పొడిచి, వెంటనే మిషను ఎక్కించారు.

మంచం మీద మనిషికి కాస్త తెలివొచ్చాక కుర్ర డాక్టరు ఒకాయన వచ్చాడు. "ఏం తిన్నారు? నిజం చెప్పండి" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా మా బావ కళ్ళు మూసుకునే అన్నాడు.

"బొండాం తాగీసినానండి. రెండు."

డాక్టరు ఆయన్ని చెడామడా తిట్టాడు. చావాలనుందా అన్నాడు. ఆవిడ కాగితం పట్టుకుని ఇంత జాగ్రత్తగా వండి పెడుతుంటే, మీకు బుద్ధుండక్కర్లేదా అన్నాడు. పక్క మంచాల వాళ్ళంతా మా బావ వైపు చూశారు. ఆయన గోడ వైపు తిరిగాడు. తిండి సంగతి చెప్పే అమ్మాయి నా భుజం మీద చెయ్యి వేసి, "మీరు నీళ్ళు పారబోస్తున్నారు కదమ్మా? కూరలో పొటాషియమంతా వాటిలోకే దిగుతుంది" అంది.

అప్పుడు అర్థమైంది.

"పారబోస్తన్నానమ్మా" అన్నాను.

ఆ అబద్ధం ఆడిన నోటితోనే నేను ఇన్నాళ్ళూ తింటున్నాను. ఆ రోజు చెప్పెయ్యొచ్చు. తిట్లు నావి, నేను పడి ఉండాల్సింది. కానీ నాలో ఒక పిరికిది ఉంది, అది ఆయన మాటని గట్టిగా పట్టుకుంది. నిజంగానే బొండాలు తాగాడేమో. దాహం తట్టుకోలేక, నేను చూడకుండా. అయి ఉండొచ్చు కదా. అయి ఉంటే నా చారు అంత చేసి ఉండదు కదా. ఆ "అయి ఉండొచ్చు" మీద ఏడాది పైన బతికాను.

ఇంటికొచ్చాక చారు మానేశాను. నీళ్ళు దొడ్లో పోసేస్తున్నాను. ఎందుకు మానేశావని మా బావ ఒక్కసారి కూడా అడగలేదు. అడగలేదేమిటా అని ఆలోచించడం నేనూ మానేశాను. మళ్ళు పీకేద్దామనుకున్నాను. ములగ కొమ్మ కొట్టించేశాను, అరటి చెట్లు పక్కింటి వాళ్ళకి ఇచ్చేశాను. తోటకూర మాత్రం ఎంత పీకినా రాలిన గింజ నుంచి మళ్ళీ మొలుస్తుంది. సిగ్గులేని మొక్క. వదిలేశాను.

ఇంకో సంగతి రాయాలి. రాయడానికి సిగ్గుగా ఉంది.

ఇంట్లో ఆయనకొక వంట, నాకొక వంట అని లేదు. ఆయన తినేదే నేనూ తిన్నాను, నెలల తరబడి. నన్నెవరూ అలా తినమనలేదు. ఒక రోజు ఆయన పలాస వెళ్ళాడు. ఇప్పుడు మా ఊరి పేషెంట్లు నలుగురు కలిసి ఒకే ఆటోలో వెళ్తారు, నేను వెళ్ళక్కర్లేదు. ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. ఆకలి వేసింది. ఆ ఆకలి మామూలుది కాదు, మా అత్త వంటింటి ఆకలి. దొడ్లోకి వెళ్ళి గుప్పెడు తోటకూర కోశాను. ఉడికించాను. ఆ నీళ్ళతో చారు పెట్టాను, ఉప్పూ పులుపూ నిండా వేసి. వెనక గుమ్మంలో కూర్చుని, గిన్నె ఒళ్ళో పెట్టుకుని, వేడిగా జుర్రుకున్నాను. ఎంత బాగుందో చెప్పలేను. కళ్ళలో నీళ్ళొచ్చాయి, అవి బాధవి మాత్రం కావు. ఆ వీడియోలో ఆవిడ చెప్పే హాయి ఇదే. ఒక మనిషిని చావు దాకా తీసుకెళ్ళిన చారు నాకు హాయినిచ్చింది.

తర్వాత డయాలిసిస్ ఉన్న ప్రతి రోజూ అదే పని. ఆయన ఆటో మలుపు తిరగ్గానే దొడ్లోకి వెళ్ళేదాన్ని. ఆయన వచ్చేలోగా గిన్నె కడిగి, కిటికీలు తీసి, పోపు వాసన పోయేలా ఊదొత్తి వెలిగించేదాన్ని. దొంగతనానికి కావలసిన శ్రద్ధ అంతా చూపించాను.

మొన్నీమధ్య ఒక రోజు ఆయన తొందరగా వచ్చేశాడు. ముందు వంతు ఒకాయనకి ఒంట్లో బాగోక మిషను ఎక్కించలేదట, దాంతో వీళ్ళ వంతు ముందుకొచ్చిందట. ఆటో చప్పుడు నాకు వినబడలేదు. వెనక గుమ్మంలో గిన్నెతో కూర్చుని ఉన్నాను. వెనక అడుగుల చప్పుడైతే గిన్నె చెంగు కింద పెట్టుకున్నాను. ఆవిరి చెంగులోంచి వస్తోంది.

"దాయకు. ఈది మొగ కాడికే పోపు వాసన వచ్చీసింది" అన్నాడు మా బావ.

"నా ఒక్కదానికే బావా..."

"తెలుసు. నాను పలాస ఎల్లిన రోజే తోటకూర మళ్ళు బోసిగుంతన్నాయి. మిగతా రోజుల్లో ఆకు కూడా తెంపవు. నాకు కల్లు లేవనుకున్నావేటి?"

వచ్చి నా పక్కన గడప మీద కూర్చున్నాడు. చేతికి కట్టు అలాగే ఉంది. మిషను మీద నుంచి వచ్చినప్పుడు మనిషి వడిలిపోయి ఉంటాడు, మాట కూడా అరిగినట్టుంటుంది.

"తాగు. సల్లారిపోతాది. నాను సూత్తాను" అన్నాడు.

నేను తాగలేదు. ఏడాది నుంచి గొంతులో ఉన్నది బయటపడింది.

"బావా, ఆ రోజు బొండాలు నిజంగా తాగినావా?"

ఆయన దొడ్డి వైపు చూశాడు. "తాగుంటే డొక్కలేవే?" అన్నాడు.

ఇన్నాళ్ళూ నేను డొక్కలు వెతకలేదు. వెతకాలని తోచలేదు అంటే అది ఇంకో అబద్ధం.

"మరి చారని నీకు తెలుసా?"

"పక్క మంచం ఆయన మొదట్లోనే సెప్పినాడు, కూర నీల్లు తాగొద్దని."

"తెలిసి ఎందుకు తాగినావు?" అన్నాను. ఏడుపు, కోపం రెండూ ఒకేసారి వచ్చాయి. "సచ్చిపోతే నా చేతుల మీదే పోదువు కదా! నాను ఏటైపోదును?"

"రెండు గరిటెలే గదా అనుకున్నాను" అన్నాడు. నా వైపు తిరిగి, "నువ్వు ఆ గరిటె పట్టుకుని వచ్చినప్పుడు నవ్వీదానివి. ఒద్దని ఎలా సెప్తాను?" అన్నాడు.

ఆయన మోచేత్తో నన్ను పొడిచి, తాగమన్నట్టు గిన్నె చూపించాడు. తాగాను. ఆయన నా మొహమే చూస్తూ కూర్చున్నాడు. ఆగకుండా తాగాను, గొంతు కాలుతున్నా తాగాను.

"ఎలాగున్నాది?" అన్నాడు.

"ఏం బాగులేదు బావా. ఉప్పు సరిపోలేదు."

ఆయన గిన్నె తీసుకుని లోపలికి తొంగి చూశాడు. ఖాళీ. అడుగున ఒక కరివేపాకు అంటుకుని ఉంది. దాన్ని వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని చాలాసేపు నమిలాడు. మింగలేదు. అరచేతిలోకి ఉమ్మి, తోటకూర మడిలోకి విసిరేశాడు.

"ఉప్పు సరిగ్గానే ఉన్నాది" అన్నాడు.